డాక్టర్ నాయర్ ఓటమి, మదనపల్లె కాలేజీ

(చరిత్ర ధారావాహిక – 11వ భాగం)

1911 ఏప్రిల్ ఒకటిన చిత్తూరు జిల్లా ఏర్పడిన వైనం గత భాగంలో చూశాం. కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు, ఉత్తర ఆర్కాటు నుంచి పలమనేరు, పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ, ఇంకా కొన్ని తెచ్చి కుట్టిన అతుకుల బొంత అది. ఆ బొంత మీదికి ఓట్లు, పార్టీలు, నెత్తురు లెక్కలు ఎట్లా వచ్చి పడ్డాయో ఈసారి చెప్పుకోవాలి. అందుకు ముందు మద్రాసు పోయిరావాలి. కథకు మొదలు అక్కడే, ఒక డాక్టరు ఓటమిలో ఉంది.

తారవత్ మాధవన్ నాయర్ మలయాళీ. ఎడింబరోలో వైద్యం చదివొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. ‘యాంటిసెప్టిక్’ అనే వైద్య పత్రిక నడిపారు. కాంగ్రెస్‌వాది, కార్పొరేషన్ సభ్యుడు, నోరున్న మనిషి. 1916లో ఢిల్లీ శాసనమండలికి మద్రాసు నుంచి పోటీ చేసి వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి చేతిలో ఓడిపోయారు. బ్రాహ్మణేతరుడికి బ్రాహ్మణులు ఓటెయ్యరు అన్నది ఆయన తేల్చుకున్న పాఠం. అదే ఏడాది నవంబరు 20న మద్రాసులో ముప్పైమంది దాకా పెద్దలు కూడారు. డిసెంబరులో పిట్టి త్యాగరాయ చెట్టి పేరుతో బ్రాహ్మణేతర ప్రణాళిక వెలువడింది. జనం నోట్లో జస్టిస్ పార్టీగా నిలిచిపోయిన దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య ఆ కూటమి నుంచి పుట్టిందే.

నాయర్ గెలిచి ఉంటే ఈ పార్టీ పుట్టేదా? ఆనాటి కాంగ్రెస్ వాళ్లకు ఇది చేతికందిన ప్రశ్న. చరిత్రకారుల్లోనూ ఈ ప్రశ్న వేసుకున్నవాళ్లున్నారు. నేను ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యను. ఓడిన మనిషికి కడుపుమంట ఉండదనడం అబద్ధం. అయితే నాయర్ కడుపుమంట 1916లో మొదలైంది కాదు. దాని మూలం వెతుక్కుంటూ పోతే మన మదనపల్లె వీధిలో తేలతాం.

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, పాతకాలపు దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. ఉద్యోగ విరమణ చేశాక 1909 జనవరిలో పిల్లల్ని వెంటబెట్టుకుని సమాజ కేంద్రమైన అడయారు చేరారు. అక్కడి నది ఒడ్డున కృష్ణమూర్తిని సమాజ పెద్ద లెడ్‌బీటర్ చూడటం, రాబోయే జగద్గురువు ఇతడేనని చెప్పడం, సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ ఆ పిల్లవాణ్ని, తమ్ముడు నిత్యానందను తన సంరక్షణలోకి తీసుకోవడం చాలామందికి తెలిసిన సంగతులే. లెడ్‌బీటర్ నడవడి మీద పాత ఆరోపణలుండేవి. నారాయణయ్యకు మనసు ఒప్పలేదు. 1912లో పిల్లల కోసం కోర్టుకెక్కారు. ఆయన తరఫున వాదించింది సి.పి. రామస్వామి అయ్యర్. బిసెంట్ తన కేసు తానే వాదించుకున్నారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రివైపు తీర్పిచ్చింది, 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది.

ఆ గొడవ నడుస్తుండగానే లెడ్‌బీటర్ మీద నాయర్ తన ‘యాంటిసెప్టిక్’లో ఘాటైన వ్యాసం వేశారు. బిసెంట్ పరువునష్టం కేసు పెట్టి ఓడిపోయారు. అంటే నాయర్, బిసెంట్ పేచీ ఓట్ల పెట్టెల కంటే మూడేళ్లు ముందుది. ఆ పేచీ నడుమ ఉన్నది మదనపల్లె పిల్లవాడు. ఇక రామస్వామి అయ్యర్ సంగతి చూడండి. కోర్టులో బిసెంట్ మీద విరుచుకుపడ్డ ఆ వకీలే రెండు మూడేళ్లు తిరిగేసరికి హోంరూలు ఉద్యమంలో ఆమెకు కుడిభుజమయ్యారు. ఆయన ఉద్దేశం ఏమిటని అడగాలనుకుంటే ఇక్కడా అడగొచ్చు. ఎవరూ పెద్దగా అడగలేదు.

అనిబిసెంట్‌కు చర్చితో ఉన్న లంకెలు మామూలివి కావు. 1847లో లండన్‌లో పుట్టారు. నెత్తురు ఐరిష్‌దని గర్వంగా చెప్పుకునేవారు. ఇరవై ఏళ్లకు ఆంగ్లికన్ పాదిరి ఫ్రాంక్ బిసెంట్‌ను పెళ్లాడారు. ఏసు దైవత్వం మీద నమ్మకం పోయాక ఆ ఇంట్లో ఉండలేక 1873లో బయటికొచ్చారు. తర్వాత నాస్తికుడు బ్రాడ్లాతో కలిసి సంతాన నియంత్రణ గురించిన పుస్తకం అచ్చువేసి బోనెక్కారు. ఈ తల్లి దగ్గర బిడ్డ ఉండకూడదని కోర్టు ఆమె కూతుర్ని తీసుకుపోయింది. కన్నబిడ్డను అట్లా పోగొట్టుకున్న మనిషే మదనపల్లె నారాయణయ్య బిడ్డల కోసం ప్రీవీ కౌన్సిల్ దాకా కొట్లాడింది. దివ్యజ్ఞానులకు, మిషనరీలకు వైరం ఆమె రాకముందు నుంచే ఉంది. 1884లో సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ మహిమలన్నీ మోసమని చాటే ఉత్తరాలను అచ్చేసింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికే.

ఆ రెండు శిబిరాలూ ఎదురుబొదురుగా నిలబడ్డ ఊరు మదనపల్లె. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్ కట్టారు. దాని తెలుగు విభాగానికి పునాది వేసింది జేకబ్ చాంబర్లెన్. పాదిరి, డాక్టరు కూడా. 1863లో మదనపల్లెలో మకాం పెట్టారు. తెలుగు నేర్చి కీర్తనలు రాశారు, 1908లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. తర్వాత మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. 1912లో క్షయ రోగుల శానిటోరియం వచ్చింది. అది ఆరోగ్యవరంగా నిలిచింది. దానికి ఊపిరి పోసింది డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొద్ మోలర్. వీటన్నిటికీ జవాబన్నట్టు 1915లో బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల తెరిచారు. ఇప్పటికీ ఊరి జనం బీటీ కాలేజీ అనేది దాన్నే. ఒకపక్క మిషన్ ఆసుపత్రి, ఇంకోపక్క బీటీ కాలేజీ. పిల్లవాణ్ని చదువుకు అటు, జ్వరమొస్తే ఇటు పంపడానికి మదనపల్లె సంసారులకు ఏ సిద్ధాంతమూ అడ్డురాలేదు.

ఇక జాతి సంగతి. ఇది కాస్త నిదానించి చూడాల్సింది.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, దాని కుటుంబం వేరని మొదట పద్ధతిగా వాదించినవాడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆ వాదం పెట్టాడు. రుజువుకు ఎంచుకున్నది తెలుగునే. సామగ్రి ఎక్కడిదంటే సెయింట్ జార్జి కోట కళాశాలలో సంస్కృతాంధ్రాలు చెప్పిన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికలు, మచిలీపట్నం మామిడి వెంకయ్య రాతలు. ఒకరు బ్రాహ్మణ పండితుడు, ఇంకొకరు కోమటి. బ్రాహ్మణేతర రాజకీయానికి వందేళ్ల తర్వాత ఆయువుపట్టయిన ఆలోచనకు తొలి సరుకు అందించినవాళ్లలో ఒక శాస్త్రి ఉన్నాడన్నమాట. 1856లో తిరునల్వేలి మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేశాడు. ఆ వ్యాకరణం పుణ్యాన భాషల ముచ్చట మెల్లగా మనుషుల ముచ్చటైపోయింది. ఉత్తరాది నుంచి వచ్చిన బ్రాహ్మణులు ఆర్యులు, ఇక్కడి శూద్రులు ద్రావిడులు అన్న కథకు ఒక పాదిరి పాండిత్యం దన్నుగా దొరికింది.

కొలతలు కూడా వచ్చాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ జనాన్ని నిలబెట్టి కొలకర్రలతో, పట్టుకార్లతో తలలు, ముక్కులు కొలిచాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, నూరుతో హెచ్చవేసి ఒక అంకె తీసేవాడు. ఆ అంకె తక్కువైతే ఆర్యుడు, ఎక్కువైతే కాదు. 1909లో కె. రంగాచారి తోడుగా ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల వర్ణన వేశాడు. దాన్ని ఇప్పటికీ కులసంఘాల కరపత్రాల్లో ఉదహరిస్తుంటారు, ముక్కుల మాట మాత్రం వదిలేసి.

మిషనరీలదే జాతి పిచ్చి, దివ్యజ్ఞానులది విశ్వమానవ ప్రేమ అనుకుంటే పొరపాటు. బ్లావట్‌స్కీ బోధలో మానవజాతి ఏడు మూలజాతులుగా పుడుతుంది, ఇప్పుడు నడుస్తున్న అయిదోది ఆర్య మూలజాతి. బిసెంట్ దాన్ని మనసారా నమ్మారు. ఆర్య ధర్మం, వర్ణవ్యవస్థ తొలినాటి అర్థం అంటూ ఆమె ఇచ్చిన ఉపన్యాసాలకు మైలాపూరు వకీళ్లు మురిసిపోతే, త్యాగరాయ చెట్టి వర్గానికి ఒళ్లు మండింది. ఎన్నికల వేదిక మీద రెండు జాతి సిద్ధాంతాలు ఢీకొన్నాయి. ఒకటి తిరునల్వేలి చర్చి నుంచి నడిచొచ్చింది, ఇంకోటి అడయారు నుంచి.

కుప్పం నుంచి చూస్తే ఈ రెండూ నప్పవు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు రెండూ పక్కనే ఉన్న ఆ మూలన మూడు భాషలూ ఇంటిభాషలే. అంగట్లో బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మిగతా మూడు దక్షిణాది రాష్ట్రాలూ చెయ్యి వేశాయి. భాషాశాస్త్రవేత్త వి.ఐ. సుబ్రహ్మణ్యం దానికి వెన్నెముక. ఎల్లిస్ మొదలుపెట్టిన భాషల ముచ్చట ముక్కుల కొలతలు దాటుకుని మళ్లీ భాషల ముచ్చటగా బతుకుతున్న చోటు అది. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. కుప్పం ఆయన సొంత నియోజకవర్గం కాబట్టి ఉద్దేశాల ప్రశ్న ఇక్కడా వేసుకోవచ్చు.

మళ్లీ 1916కు వద్దాం. ప్రణాళికలో నెత్తురు మాట కంటే లెక్కలే ఎక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీలో నాలుగు కోట్ల పదిహేను లక్షల జనాభా ఉంటే బ్రాహ్మణులు పదిహేను లక్షలు. 140 మంది డిప్యూటీ కలెక్టర్లలో 77 మంది బ్రాహ్మణులు. 128 మంది జిల్లా మునసబుల్లో 93 మంది. బ్రాహ్మణేతర హిందువులు ఆ రెండు కొలువుల్లో వరుసగా 30 మంది, 25 మంది. నాయర్ ఎన్నిక ఓడినా గెలిచినా ఈ అంకెలు మారవు. ఆయన మనసులో ఏముందని అడిగినవాళ్లెవరూ ఈ అంకెలకు జవాబు చెప్పలేదు. ప్రత్యర్థి నియ్యత్తును ప్రశ్నించడం తేలిక, అతను చూపిన పద్దు తప్పని చూపడం కష్టం. ఆ ఎన్నికల రోజుల రాతల్లో మొదటి పని బోలెడు జరిగింది, రెండోది దాదాపు లేదు.

హోంరూలు లీగు పుట్టింది కూడా 1916లోనే, సెప్టెంబరులో. 1917 జూన్‌లో గవర్నరు పెంట్‌లాండ్ బిసెంట్‌ను, ఆమె సహచరులు ఆరండేల్‌ను, బి.పి. వాడియాను ఊటీలో నిర్బంధించాడు. దేశమంతా అట్టుడికింది. మదనపల్లె విద్యార్థులు కూడా రాజకీయాల్లో దూకారు. మద్రాసు విశ్వవిద్యాలయం కాలేజీ గుర్తింపును రద్దుచేసింది. కాలేజీ వెళ్లి అడయారులో బిసెంట్ పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయంలో చేరింది. దానికి కులపతి రవీంద్రనాథ్ ఠాగూరు. 1919 ఫిబ్రవరి చివర ఠాగూరు మదనపల్లె వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అక్కడ అధ్యాపకులు, పిల్లలు కూడిన ఓ సాయంత్రం ‘జన గణ మన’ పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఠాగూరు దగ్గర కూర్చుని బాణీకి స్వరాలు కట్టారు. ఆ రోజుల్లోనే ఠాగూరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి తన చేత్తో రాసిచ్చారు. కజిన్స్ దంపతులూ ఐరిష్ వాళ్లే. ఆడవాళ్లకు ఓటు కావాలని 1917 డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగ్ ముందుకెళ్లిన బృందం వెనుక మార్గరెట్ ఉన్నారు. మదనపల్లెకు ఆ గీతం కీర్తి తెచ్చింది గనక అందరూ అంతవరకే చెబుతారు. ఆ కాలేజీ ఒక ఎన్నికల పోరులో ఒక పక్షపు కోటగా కూడా ఉండేదన్నది మరుగున పడింది.

బిసెంట్ నిర్బంధం జస్టిస్ పార్టీకి ఇబ్బందే తెచ్చింది. ప్రభుత్వం జైల్లో పెట్టిన మనిషిని తిడితే ప్రభుత్వ తొత్తులంటారు. అన్నారు కూడా. నాయర్ తన ‘జస్టిస్’ పత్రికలో, ఎ.సి. పార్థసారథి నాయుడు తెలుగులో ‘ఆంధ్ర ప్రకాశిక’లో వెనక్కి తగ్గలేదు. ఈమె తెల్లదొరసాని అయినా బ్రాహ్మణుల చేతి బొమ్మ, స్వరాజ్యమంటే అగ్రహారాల రాజ్యం అన్నది వారి వాదం. విదేశీ హస్తం మాట రెండువైపులా తిరిగింది. 1918లో నాయర్ లండన్ వెళితే ఆయన్ను చేరదీసింది లార్డ్ సిడెన్‌హామ్ ఇండో బ్రిటిష్ సంఘం, భారతీయులకు ఏ అధికారమూ ఇవ్వకూడదనే మాజీ దొరల గుంపు. కాంగ్రెస్ వాళ్లు కూడా ఊరకుండలేదు. గుత్తి కేశవ పిళ్లెను ముందుపెట్టి 1917 సెప్టెంబరులో మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషన్ అనే బ్రాహ్మణేతర సంఘాన్ని నిలబెట్టారు. మేమూ బ్రాహ్మణేతరులమే, మాకూ సీట్లు కావాలి, కానీ స్వరాజ్యమూ కావాలి అన్నారు వీళ్లు. వీళ్ల వెనక ఉన్నదెవరు అని జస్టిస్ పార్టీ అడిగింది. 1919 జూలై 17న నాయర్ లండన్‌లోనే, పార్లమెంటు సంయుక్త సంఘం ముందు సాక్ష్యం చెప్పకుండానే చనిపోయారు.

ఈ రభసలో చర్చి ఎక్కడుంది? ఆర్కాట్ మిషన్ దొరలు వేదికలెక్కలేదు, ఎక్కే వీలూ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిషేతర మిషన్లు ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇక్కడ పని చెయ్యనిచ్చేవారు. ఆ గీత దాటితే ఏమవుతుందో 1930లో మదురై మిషన్‌లోని అమెరికన్ రాల్ఫ్ కైతాన్ చూశారు. గాంధీ అనుచరుడైన ఓ ఆంగ్లేయుణ్ని ఇంట్లో ఉంచుకున్నందుకు దేశం నుంచి పంపేశారు.

మిషన్ నోరు కట్టేసినా సంఘస్థులకు ఓటు వచ్చింది. అయితే వేరే పెట్టెలో. 1919 చట్టం కింద మద్రాసు మండలిలో ఎన్నికయ్యే స్థానాలు 98. అందులో ముస్లింలకు 13, భారతీయ క్రైస్తవులకు 5, జమీందారులకు 6 ప్రత్యేక స్థానాలు. సాధారణ స్థానాలు 65. వాటిలో బ్రాహ్మణేతరులకు 28 ఉండాలని 1920 మార్చిలో లార్డ్ మెస్టన్ తీర్పు చెప్పాడు. పది లక్షలకు పైబడిన క్రైస్తవులకు ప్రెసిడెన్సీ మొత్తానికి అయిదుగురు. మదనపల్లె చర్చిలో శిస్తు కట్టే రైతు ఎవరైనా ఉంటే అతని ఓటు పక్కింటి రెడ్డి ఓటుతో కలవదు. ఎక్కడో తమిళ జిల్లాల క్యాథలిక్ అభ్యర్థి, ఇక్కడి ప్రొటెస్టెంట్ ఓటరు ఒకే జాబితాలో పడొచ్చు. కానీ పుంగనూరు సంతలో రోజూ ఎదురయ్యే నాయకుడితో అతనికి ఓటు సంబంధం లేదు. పుంగనూరు జమీందారు కూడా వేరే పెట్టెవాడే. జమీందారుల ఆరు స్థానాలకు వాళ్లలో వాళ్లే ఓట్లేసుకునేవారు.

ఇక చర్చి బెంచీల్లో ఎక్కువమంది మాలపల్లెల నుంచి వచ్చినవాళ్లు. మాల, మాదిగలు సహా తొమ్మిది కులాలకు కలిపి ఎన్నిక లేకుండా అయిదుగురిని గవర్నరు నియమిస్తాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములమన్న పేరు వద్దు, ఈ నేలకు మొదటివాళ్లం మేమే, ఆది ఆంధ్రులం అని తీర్మానించింది. 1922లో ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లు ఒప్పుకుంది. జస్టిస్ పెద్దలు పట్టుకున్న జాతి కథను మాలపల్లె ఇంకో మెట్టు కిందికి దింపి, మీరు ద్రావిడులైతే మేం ఆది ద్రావిడులం అంది. ఈ మాటకు జస్టిస్ పార్టీ దగ్గర జవాబు లేదు. 1921 బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లు సమ్మెలో పులియంతోపులో కులహిందువులకు, ఆది ద్రావిడులకు కొట్లాటలు జరిగితే పార్టీ పెద్దలు కులహిందువులవైపే మాట్లాడారు. ఆది ద్రావిడుల నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీ విడిచిపోయారు. చర్చిలో చేరిన మాలకు చిక్కు ఇంకొంత పెద్దది. పల్లెలో అంటరానివాడు, జాబితాలో క్రైస్తవుడు. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ చిక్కును గట్టిగా ముడేసింది. ఆ ఉత్తర్వు మొదట హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి మన రాష్ట్రంలో దక్కింది బీసీ-సీ, ఒక్క శాతం. రిజర్వుడు స్థానంలో అభ్యర్థి ఏ ఆదివారం ఎక్కడ మోకరిల్లాడన్నది నేటికీ నామినేషన్ల వేళ తగువే.

చర్చి లోపలే ఈ వేరు పెట్టెను వద్దన్నవాళ్లున్నారు. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1932లో మెక్‌డొనాల్డ్ మతవారీ తీర్పు వచ్చినప్పుడు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని బహిరంగంగా వ్యతిరేకించారు. క్రైస్తవ సమాజం గోడలు కట్టుకుంటే సువార్త ఎవరికి చెబుతామన్నది ఆయన బాధ. అంటే అక్కడా ఒక ఉద్దేశం ఉంది. మతం మార్చే ఉద్దేశం ఉన్నందుకే ఉమ్మడి ఓటు కోరారని గాంధీ అనుచరులు గుర్రుగా చూశారు. కోరిక వాళ్లకు నచ్చిందే, కోరిన మనిషి నచ్చలేదు.

1920 నవంబరు ఎన్నికలు ఏకపక్షంగా నడిచాయి. గాంధీ సహాయ నిరాకరణ పిలుపుతో కాంగ్రెస్ పోటీ చెయ్యలేదు. బిసెంట్ గాంధీతో విభేదించి ఒంటరయ్యారు. ఆడవాళ్లకు ఓటు ఇంకా రాలేదు, మరుసటేడు వచ్చింది. పన్నెండున్నర లక్షల ఓటర్లలో నాలుగోవంతే పోలింగుకు వచ్చారు. జస్టిస్ పార్టీకి 63 స్థానాలు. మెస్టన్ పెట్టిన 28 సీట్ల రిజర్వేషన్ అక్కర్లేకుండానే బ్రాహ్మణేతరులు గెలిచారు. తొలి ముఖ్యమంత్రి ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ ఆరోగ్యం చెడి 1921లో తప్పుకుంటే, కాళహస్తి వాసి పానగంటి రామరాయణింగారు, అంటే పానగల్ రాజా, ఆ స్థానంలోకి వచ్చారు. ఆయన తోటి మంత్రులు కూర్మా వెంకటరెడ్డి నాయుడు, ఎ.పి. పాత్రో. ముగ్గురూ తెలుగువాళ్లే. ద్రావిడ జాతి పేరుతో ఓట్లడిగిన పార్టీ మంత్రివర్గంలో తమిళుడు లేడు. రక్తం ఒకటే అన్న ముచ్చట పదవుల పంపకం దాకా రాలేదని తమిళ సభ్యులు గొణిగారు. గొణుగుడు పెద్దదై 1923లో వెంకటరెడ్డి నాయుడి చోట టి.ఎన్. శివజ్ఞానం పిళ్లె వచ్చారు.

ఆ గొణుగుడును సభలో గొంతెత్తి చెప్పింది తమిళుడు కాదు. మన చిత్తూరు పక్కనే కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి. ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి, ‘కవిత్వతత్త్వ విచారం’తో పండితుల్ని గడగడలాడించిన విమర్శకుడు. స్కాట్లాండ్ మిషనరీల మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి కేంబ్రిడ్జి పోయారు, అక్కడి విద్యార్థి యూనియన్‌కు ఉపాధ్యక్షులయ్యారు. మైసూరు సంస్థానంలో విద్యాశాఖ పెద్ద పదవి వదులుకొచ్చి జస్టిస్ పార్టీలో చేరారు. కులం రెడ్డి, చదువు మిషనరీలది, పార్టీ బ్రాహ్మణేతరులది. ఆ రోజుల లెక్క ప్రకారం పానగల్‌కు పక్కా మనిషి కావాలి. కాలేదు. 1923 ఎన్నికల్లో పార్టీ బలం తగ్గింది. రెడ్డి కొందరిని వెంటేసుకుని బయటికొచ్చి యునైటెడ్ నేషనలిస్టులన్నారు. నవంబరు 27న పానగల్ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మర్నాడు ఓట్లు లెక్కిస్తే ప్రభుత్వానికి 65, తీర్మానానికి 44. ప్రభుత్వం నిలబడింది.

మంత్రి పదవి దక్కనందుకే ఈ తిరుగుబాటు అనుకోవడం తేలిక. రెడ్డికి తన తెలివి మీద తనకున్న నమ్మకం తక్కువేమీ కాదు, పానగల్ కింద ఒదిగి కూర్చునే మనిషి కూడా కాదు. నాయర్‌కు వర్తించే కొలత ఆయనకూ వర్తిస్తుంది. ఒక గుంపు చేతిలోని పదవులు ఇంకో గుంపు చేతికి పోవడమే బ్రాహ్మణేతర ఉద్యమమా అన్నది ఆయన నిందలోని సారం. ఆయన మనసులో ఏ ఆశ ఉన్నా, ఆ నిందకు పానగల్ వైపు నుంచి సభలో లభించిన గట్టి జవాబు ఓట్ల సంఖ్యే.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఏ కొలతకూ అందదు. అదే పానగల్ ప్రభుత్వం, అదే విద్యామంత్రి పాత్రో 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపిస్తే దానికి మొదటి ఉపకులపతిగా పీఠమెక్కింది కట్టమంచి రామలింగారెడ్డి. తమ మీద అవిశ్వాసం తెచ్చిన మనిషిని వాళ్లు ఎందుకు రానిచ్చారు, ఆయన ఎందుకు ఒప్పుకున్నారు? నోరు మూయించడానికని ఒకరనొచ్చు, చదువుల మీద ప్రేమకని ఇంకొకరనొచ్చు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన ఆ పీఠానికి రాజీనామా ఇచ్చేశారు. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు.

ఆ విశ్వవిద్యాలయం బెజవాడలోనా, విశాఖలోనా, అనంతపురంలోనా అన్న తగువు దాని పుట్టుకతోనే మొదలైంది. దత్తమండలాల వాళ్లు మాకు ఈ విశ్వవిద్యాలయం వద్దు, మద్రాసే మేలన్నారు. ఆ కోపం చల్లారకముందే 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడే చిలుకూరి నారాయణరావు ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు పెట్టారు. వచ్చే భాగం ఆ సభలో మొదలుపెడదాం.